సిస్టం తీసుకోవడం లేదండీ: రేపటి భయాల కథల గురించి

(శ్రీకాకుళంలో కథకులు, పాఠకులు కలుసుకున్న ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము. తడబాట్లు మాత్రం తీసేశాము.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం కాస్త బరువైనది. సాంకేతికత చేతికి అందాక సమాజాన్ని అదుపులో పెట్టే పద్ధతుల గురించి, ఆ పద్ధతులు ముదిరితే రేపటి సమాజం ఎలా ఉంటుందో ఊహించి రాసే కథల గురించి మాట్లాడమన్నారు. ఈ కోవ కథలను డిస్టోపియా అంటున్నారు, మనమూ ఆ మాటే వాడుకుందాం. వెనక వరుసలో ఉన్నవారికి ఫ్యాన్ల చప్పుడులో నా మాట వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఈమధ్య ఇటువంటి కథలు రాస్తున్న యువతీయువకులు కొందరు తమ రాతప్రతులు తెచ్చి నాకు చూపిస్తున్నారు. సంతోషమే. అయితే వాటిలో చాలా కథలకు ఒకటే ముఖం. ఒక మహానగరం ఉంటుంది, దానికి తెలుగు పేరు ఉండదు. గోడగోడకూ కెమెరా, ఆకాశం నిండా డ్రోన్లు, ప్రతివాడి మెదడులోనూ ఒక చిప్పు, ఆఖరి పేజీలో ఒక కుర్రాడు వచ్చి ఆ యంత్రాన్ని బద్దలుకొట్టి గెలుస్తాడు. ఆ నగరంలో ఎక్కడా రేషన్ డిపో ఉండదు. గ్రామ సచివాలయం ముందు వరుస ఉండదు. ఒక్క ముసలమ్మ కూడా కనబడదు. నేను అడిగేది ఒకటే. అదుపు అనేది మన జిల్లాలోకి నిజంగా ఆ రూపంలోనే వచ్చిందా? నా ఉద్దేశంలో రాలేదు. మనల్ని రెప్పవేయకుండా చూసే కన్నుగా కాక, మనల్ని గుర్తుపట్టని మిషనుగా వచ్చింది. చూసేవాడితో తగువుకు దిగవచ్చు, వాడి కన్నుగప్పి తప్పుకోవచ్చు. గుర్తుపట్టనిదానితో ఏమని తగువు పడతాం? ఈ సాయంత్రమంతా నేను చెప్పబోయేది ఈ సంగతే, తిప్పితిప్పి ఇదే చెబుతాను, విసుగనుకోకండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. రేపటి గురించి ఎవరైనా రాశారంటే మన తెలుగువాళ్లకు వెంటనే గుర్తుకొచ్చేది వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అంటాం. అదే అలవాటుతో ఈ నవలలను కూడా పట్టుకుని, ఇది నిజమైందా, అది నిజమైందా అని చూసుకుంటూ పోతాం. డిస్టోపియా రాసేవాడు జోస్యం చెప్పడు. తన కాలంలో, తన కళ్లముందు, అందరూ మామూలుగా తీసుకుంటున్న ఒక అలవాటును పట్టుకుంటాడు. దానికి అడ్డం పడుతున్న మొహమాటాలూ జాలీ దయా అన్నీ తొలగిపోతే అది ఎక్కడిదాకా వెళుతుందో చూపిస్తాడు. కాబట్టి మంచి డిస్టోపియా ఏది తీసుకున్నా అందులో ఉన్నది రాసిననాటి సంగతే.

రష్యాలో యెవ్‌గెనీ జమ్యాతిన్ 1920-21లో ‘మేము’ అనే నవల రాశాడు. అందులో మనుషులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. ఇళ్లకు గాజు గోడలు. తెర దించుకోవాలంటే చీటీ కావాలి. ఇదంతా ఆయనకు ఎక్కడినుంచి వచ్చింది? ఆయన ఓడల ఇంజనీరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఉండి, రష్యా కోసం కడుతున్న మంచు చీల్చే ఓడల పనిని పర్యవేక్షించాడు. కార్మికుడి ప్రతి కదలికనూ గడియారం పెట్టి కొలిచే టేలర్ పద్ధతి ఆనాటి పరిశ్రమలలో కొత్తగా పాకుతున్నది. ఆ నవలలో జనం ఆ టేలర్‌ను మహాపురుషుడిగా కొలుస్తారు. అంటే ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నడిచే పద్ధతిని ఆయన ఇరవైనాలుగు గంటలకూ పొడిగించాడు, అంతే. ఆ పుస్తకం 1924లో ఇంగ్లీషులో వచ్చింది, రాసినాయన సొంత దేశంలో అచ్చు కావడానికి 1988 దాకా పట్టింది. 1932లో వచ్చిన హక్స్‌లీ నవల ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో కాలాన్ని కార్ల కంపెనీ ఫోర్డు పేరుమీద లెక్కపెడతారు, అక్కడ అదుపు సుఖం రూపంలో వస్తుంది. దాని గురించి అందరూ మాట్లాడతారు కనుక నేను అక్కడ ఆగను.

నేను ఆగదలచుకున్నది ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు రచయిత రాసిన ఒక పెద్దకథ దగ్గర. ‘యంత్రం ఆగిపోతుంది’ అని దాని పేరుకు అర్థం. 1909లో వచ్చింది. మన కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన సంవత్సరమే అది. టీవీ లేదు, కంప్యూటరు లేదు, మన ఊళ్లలో కరెంటు దీపమే లేదు. ఆ కథలో మనుషులు భూమి లోపల, తలా ఒక గదిలో, ఒంటరిగా బతుకుతారు. తిండి, గాలి, సంగీతం, మాట, అన్నీ యంత్రం ద్వారానే అందుతాయి. కొడుకు తల్లిని చూడాలనుకుంటే తెరమీద కనబడతాడు. నన్ను స్వయంగా వచ్చి చూడమ్మా అని కొడుకు అడిగితే ఆ తల్లికి అది అనాగరికంగా తోస్తుంది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. నన్ను పట్టి ఆపింది ఆ తరువాతి భాగం. యంత్రం కొద్దికొద్దిగా పాడవడం మొదలవుతుంది. సంగీతంలో ఏదో అపశ్రుతి వినిపిస్తుంది. స్నానాల నీళ్లు వాసన వేస్తాయి. జనం ఏం చేస్తారు? తిరగబడతారా? తిరగబడరు. ఫిర్యాదు పెట్టుకుంటారు. మరమ్మతుల కోసం ఒక కమిటీ ఉంది, ఆ కమిటీకి చెప్పుకుంటారు. మీ ఫిర్యాదు అందింది, చూస్తాము అని జవాబు వస్తుంది. అది బాగుపడదు, కొన్నాళ్లకు జనం ఆ అపశ్రుతికే చెవులు అలవాటు చేసుకుంటారు. ఆఖరికి తెలిసేదేమిటంటే, మరమ్మతులు చేసే యంత్రానికే మరమ్మతు కావలసి వచ్చింది.

మీలో కొందరు నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. కలెక్టరేటులో సోమవారం గ్రీవెన్సుకు వెళ్లి అర్జీ ఇచ్చి, రసీదు తెచ్చుకుని, కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజి వస్తే, సమస్య ఉన్నచోటే ఉండగా ఆ మెసేజిని చూసుకున్నవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. ఫార్‌స్టర్ భయపెట్టింది యంత్రానికున్న బలంతో కాదని గమనించండి. బాగోలేదని చెప్పడానికి మిగిలిన ఒకే దారి మళ్లీ ఆ యంత్రం గుండానే పోతుంది, భయం అంతా అక్కడ ఉంది.

ఇక ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్. ఆయన మన దేశంలోనే, బీహారులోని మోతీహారిలో 1903లో పుట్టాడు. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తాను 1922 నుంచి 1927 వరకు బర్మాలో పోలీసు ఉద్యోగం చేశాడు. పోలీసు రిజిస్టరు లోపలి వైపు నుంచి చూసినవాడు అన్నమాట. 1949లో వచ్చిన ఆయన నవల ‘1984’ గురించి మాట్లాడేవాళ్లంతా గోడమీద తెర గురించే మాట్లాడతారు. మనిషి ఆ తెరను చూస్తాడు, ఆ తెర మనిషిని చూస్తుంది. సరే. అయితే ఆ తెర ఎవరి ఇళ్లలో ఉంది? నవల మళ్లీ చదవండి. అది పార్టీ సభ్యుల ఇళ్లలో ఉంది. జనాభాలో నూటికి ఎనభై అయిదు మంది కూలీనాలీ జనం, వాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో తెర లేనే లేదు. వాళ్లమీద నిఘా పెట్టడం దండగ అనుకుంది ఆ ప్రభుత్వం. పేదవాడిని పట్టించుకోనవసరం లేదు, గుమాస్తాను పట్టించుకుంటే చాలు అన్నది ఆర్వెల్ ఊహ.

మన దగ్గర ఏం జరిగింది? సరిగ్గా తలకిందులు. మన దగ్గర సాంకేతికత ముందుగా వెళ్లింది పేదవాడి దగ్గరకే. రేషన్ బియ్యం తీసుకునేవాళ్లు వేలిముద్ర మిషను మీద ముందు వేలు పెట్టారు. ఒకటో తారీఖు పింఛను తీసుకునే అవ్వాతాతలు పెట్టారు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు, స్థలంతో సమయంతో సహా, యాప్‌లోకి ఎక్కించడం దేశమంతటా తప్పనిసరి అయింది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో తిరిగినవారికి తెలుసు, సిగ్నలు ఏ మలుపు దగ్గర పోతుందో. పొద్దున్న మట్టి తవ్విన మనిషి మధ్యాహ్నం ఫొటోలో లేకపోతే పొద్దున్న తవ్విన మట్టికి ఏమైనట్టు? ఇక్కడున్న టీచర్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. అవునండీ, మీ హాజరు కూడా 2022లో ముఖం చూపించే యాప్‌లోకి వచ్చింది, దానిమీద మీరు గట్టిగానే మాట్లాడారు. కానీ అప్పటికి రేషన్ డిపోలో వేలు పెట్టడం మొదలై ఏళ్లు గడిచాయి. దాని గురించి మనం ఏ సభ పెట్టాం?

ఇది నిన్నామొన్న మొదలైంది కూడా కాదు. వేలిముద్రను పాలనలోకి తెచ్చిన ప్రయోగశాల మన దేశమే. 1858లో బెంగాలులోని జంగీపురంలో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామాను సరఫరా చేస్తానన్న ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం వెనక అరచేతి ముద్ర వేయించాడు. మాట తప్పకుండా ఉండాలని భయపెట్టడానికి వేయించాడు. ఆ తరువాత 1877లో హుగ్లీలో అదే హెర్షెల్ దస్తావేజుల మీద, జైలు కాగితాల మీద, ఇంకా ఎక్కడ వేలిముద్ర పెట్టించాడో తెలుసా? పింఛను తీసుకునేవారి దగ్గర. చనిపోయినవాళ్ల పేరుమీద ఇంకొకరు పింఛను తీసుకుంటున్నారేమోనని అనుమానం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ముద్రలను వర్గీకరించే లెక్క కుదిర్చినవారిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఉన్నారు, పేరు మాత్రం పై అధికారి హెన్రీకి దక్కింది. ఈ మధ్యలోనే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. పుట్టుకనుబట్టి మనిషిని రిజిస్టరులో ఎక్కించి, హాజరు పలికించి, ఊరు దాటాలంటే చీటీ చూపమన్నారు. మన మద్రాసు రాష్ట్రానికి ఆ చట్టం 1911లో వచ్చింది, ఎరుకలవారు దానికింద పడ్డ బాధ మన పెద్దలకు తెలుసు. స్వతంత్రం వచ్చిన అయిదేళ్లకు, 1952 ఆగస్టు 31న, దేశమంతటా ఆ ముద్ర చెరిగింది. జమ్యాతిన్ ఊహించిన నంబర్ల మనుషులు, ఆయన పుట్టకముందే మన దేశంలో పోలీసు రిజిస్టర్లలో ఉన్నారు. మన కథకుడు ఊహకోసం వేరే గ్రహానికి పోనక్కరలేదనడానికి ఇంతకంటే ఏం చెప్పను?

ఇప్పుడు పలాస వెళదాం. కాశీబుగ్గ వైపునుంచి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు, నేను తప్పు చెబితే దిద్దండి. జీడిపిక్కను ఉడికించి, ఆరబెట్టి, కాలితో తొక్కే కత్తి మిషనులో పెట్టి రెండు చెక్కలు చేసి, లోపలి పలుకును విరగకుండా తీస్తారు. ఆ పెంకులో ఉండే సొన చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు నూనో బూడిదో రాసుకుని కూర్చున్నా, ఏళ్ల తరబడి ఆ పని చేసిన ఆడవాళ్ల వేళ్ల కొసలు నల్లబడి, పొరలు ఊడి, నున్నబడిపోతాయి. ఆ వేలు తీసుకెళ్లి డిపోలో మిషను మీద పెడుతుంది. ఎర్రదీపం. మళ్లీ పెట్టమ్మా అంటాడు డీలరు. చీరచెంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఈసారి బొటనవేలు. ఈసారి ఎడమచెయ్యి. ఇంకొంచెం గట్టిగా నొక్కమ్మా. అంత గట్టిగా కాదమ్మా. వెనకవాళ్లు గొణుగుతుంటారు. డీలరుకు ఆమె తెలుసు. ఆమె పెళ్లికి అతను భోజనం చేశాడు. వరుసలో ఉన్న వాళ్లందరికీ ఆమె తెలుసు. ఆమె ఏమంటుందో వినండి: ‘ఏటి సేత్తాం బాబూ, అందరికీ నాను తెలుసు, దానికి తెల్దు.’

దీనికి మందు ఉంది కదా, కనుపాప చూసే మిషను ఉంది, ముఖం చూసే యాప్ ఉంది, ఫోనుకు ఓటీపీ వస్తుంది అంటారు. ఉన్నాయి, కాదనను, వాటివల్ల చాలామందికి పని జరుగుతోంది కూడా. కానీ ఓటీపీ రావాలంటే కార్డుకు కలిపిన నంబరు చేతిలో ఉండాలి. ఆ నంబరు చెన్నైలో మేస్త్రీ పని చేస్తున్న కొడుకు జేబులో ఉంటుంది. సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. చాలా గొప్ప తీర్పు, నాకు దానిమీద ఎంతో గౌరవం. అయితే పలాసలో ఆ తల్లి అడిగేది నన్ను చూడవద్దు అని కాదే! నన్ను చూసి గుర్తుపట్టండి అని అడుగుతోంది. ఈ అడగడం మన డిస్టోపియాలలో ఎందుకు రాలేదు?

ఇంత చెప్పాను కనుక, పాతరోజులు బంగారంలాంటివని నేను అంటున్నట్టు మీకు అనిపించవచ్చు. అనను. మిషను రాకముందు డిపోలో దొంగకార్డులు ఉండేవి, చనిపోయినవాళ్లు నెలనెలా కిరసనాయిలు పట్టుకెళ్లేవారు. ఇంకా వెనక్కి వెళితే కరణం దస్త్రం ఉండేది. ఆ దస్త్రం విప్పితే ఎవరి మడి ఎవరి పేరున ఉంటుందో దేవుడికి తెలియాలి. వంశపారంపర్యంగా వచ్చే ఆ కరణాలనూ మునసబులనూ మన రాష్ట్రంలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో తీసేసింది. ఆర్వెల్ నవలకు పేరైన సంవత్సరంలోనే మన రైతు ఒక దస్త్రం నుంచి విడుదలయ్యాడు! అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. కరణం అన్యాయం చేస్తే ఆయన అరుగు మీదకు వెళ్లి కూర్చోవచ్చు, కాళ్లావేళ్లా పడవచ్చు, నలుగురిలో తిట్టవచ్చు, ఒక గుమ్మడికాయ పట్టుకెళ్లి ఇవ్వవచ్చు. ఆ అన్యాయానికి ఒక ఇల్లు ఉంది, ఒక పేరు ఉంది. ఈరోజు ఆన్‌లైన్‌లో పొలం వేరొకరి పేరున చూపిస్తే, ఆ తప్పు ఎవరు చేశారు? ఎవరూ చెయ్యలేదు. కౌంటరు వెనక కూర్చున్న కుర్రాడు, పాపం మంచివాడే, మన బాధ అర్థమవుతుంది, తెర మనవైపు తిప్పి చూపిస్తాడు: ‘నాకూ తెలుసండీ, కానీ సిస్టం తీసుకోవడం లేదండీ.’

రేపటి కథలో ప్రతినాయకుడు ఎవరని నన్ను అడిగితే, ఈ కుర్రాడిని చూపిస్తాను. ఇతను దుర్మార్గుడు కాదు, సరిగ్గా అందువల్లనే ఇతని గురించి రాయాలి. ఈ విషయంలో మన గురువు ఎక్కడివారో కాదు, ఈ జిల్లావారే. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావుగారు, 1964లో రాసిన ‘యజ్ఞం’ కథలో పంచాయితీ చెప్పే శ్రీరాములునాయుడు చెడ్డవాడా? ఊరికి మంచి చేసినవాడు. అప్పు లెక్కలో మోసం ఉందా? లెక్క సరిగానే ఉంది. మంచివాళ్లు కూర్చుని, సరైన లెక్క వేసి, ధర్మం తప్పకుండా మాట్లాడి, ఒక కుటుంబాన్ని ఎక్కడికి తోశారో ఆ కథ ముగింపు చదివినవారెవరూ మరిచిపోలేరు. అందులో ఒక్క యంత్రం లేదు. కానీ అదుపు ఎలా పనిచేస్తుందో, అదుపులో ఉన్నవాడి చేత కూడా అది న్యాయమే అని ఎలా ఒప్పిస్తుందో అంత వివరంగా రాసిన కథ నాకు ఏ డిస్టోపియాలోనూ కనబడలేదు. ఒక్క తేడా మాత్రం ఉంది. యజ్ఞంలో మాట్లాడే చోటు ఉంది. కథంతా మాటలే కదా. అప్పుపడ్డ అప్పల్రాముడు నిలబడి తన గోడు చెప్పుకుంటాడు, ఊరంతా వింటుంది. ఆ పంచాయితీ కూడా లేని యజ్ఞాన్ని ఊహించుకోండి. లెక్క మాత్రం ఉంది, సరిగ్గా ఉంది, వినేవాడు లేడు.

ఒట్టి విమర్శ చెయ్యడం సులువు, నువ్వయితే ఏం రాస్తావు అని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ఒక కథ చెబుతాను. ఇంకా రాయలేదు, ఎవరికైనా నచ్చితే తీసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

దీనికి విత్తనం మీకు తెలిసినదే. మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా చాలా పథకాలకు, ఇంట్లో నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు కాలకూడదన్న నిబంధన ఉంటూ వచ్చింది. కారు ఉండకూడదు, పొలం ఇంతకు మించి ఉండకూడదు అనే నిబంధనలు దానికి తోడు. ఉన్నవాళ్లకు పోకుండా లేనివాళ్లకు చేరాలనే కదా పెట్టారు, ఉద్దేశం మంచిదే. కానీ దానివల్ల ఇళ్లలో ఏం మారిందో చూశారా? ఒకే వంటింట్లో తింటున్న అన్నదమ్ములు రెండు మీటర్లు పెట్టించుకున్నారు. ఒకే కప్పుకింద ఉన్న తల్లీ కొడుకూ కార్డు విడగొట్టుకున్నారు. కొన్న కారు బావమరిది పేరున రిజిస్టరు అయింది. నెలాఖరులో అత్తగారు మీటరు ముందు నిలబడి, కళ్లద్దాలు పైకి జరుపుకుని అంకెలు చదివి, ‘ఆ ఫేను కట్టీయే’ అని కేకవేస్తుంది. ఏ పోలీసూ రాలేదు, ఏ కెమెరా లేదు. ఒక అంకె వచ్చి ఇంట్లో కూర్చుంది, ఇల్లు దాని చుట్టూ సర్దుకుంది.

దీన్ని కొంచెం లాగుదాం. పదేళ్ల తరువాత అనుకుందాం. ఉద్దానంలో ఒక ఊరు. కార్డు విడగొట్టుకునే మోసాలు ఎక్కువయ్యాయని, ఇల్లు అంటే ఏమిటో కాగితం మీద అడగడం మానేసి యంత్రమే తేల్చుకుంటుంది. ఏ ఫోన్లు రాత్రిపూట ఏ కప్పుకింద నిద్రపోతున్నాయో అవన్నీ ఒక కుటుంబం. అంత కచ్చితమైన నిర్వచనం ఎవరికైనా నచ్చుతుంది. మన కథలో తల్లికి ఒంటరి మహిళ పింఛను వస్తుంది. కొడుకు హైదరాబాదులో లిఫ్టులు బిగించే పని చేస్తాడు. సంక్రాంతికి ఊరొస్తాడు. వరుసగా నాలుగు రాత్రులు అతని ఫోను ఆ ఇంట్లో పడుకుంటే, యంత్రం అతన్ని ఆ ఇంట్లో కలిపేస్తుంది, అతని జీతం ఆ ఇంటి ఆదాయం అవుతుంది, తల్లి పింఛను ఆగిపోతుంది. తల్లికి కొడుకు మీద ప్రేమ లేదా? ఉంది. చెక్కలు వేయించింది, అరిసెలు వండింది. భోగినాటి రాత్రి అన్నం వడ్డిస్తూనే వేళ్లు ముడిచి లెక్కపెడుతుంది. ‘ఒరే నాయినా, కనుమ తెల్లారేసరికి ఎల్లిపోరా, ముక్కనుమకి ఉండకురా’ అంటుంది. కొడుక్కి కోపం రాదు. అందరి తల్లులూ అలాగే అంటున్నారు మరి.

ఇక్కడే ఉత్తరాంధ్ర వాడు ఊరుకుంటాడా? పలాస స్టేషను బయట టీకొట్టు పెట్టుకున్నవాడు ఒకడు, పండగ నాలుగు రోజులూ ఫోన్లు దాచిపెడతాను, రాత్రికి ఇరవై రూపాయలు అని బోర్డు కడతాడు. పట్టాల వైపు ఇనప బీరువా, దానిలో గోనెపట్టా పరిచి, చీటీలు అంటించిన ఫోన్లు. వలసకుర్రాళ్లు రైలు దిగగానే ఫోను అతనికిచ్చి, చేతులు ఊపుకుంటూ ఊళ్లోకి పోతారు. నాలుగు రాత్రులు గడుస్తాయి. యంత్రం తన పని తాను చేస్తుంది. టీకొట్టు వాడి కప్పుకింద నూటనలభై ఫోన్లు నిద్రపోయాయి కనుక, అతనిది నూటనలభై మందీ సంపాదనపరులే ఉన్న ఉమ్మడి కుటుంబం అని తేలుస్తుంది. అతని రేషన్ కార్డు పోతుంది, అతని పిల్లకు చదువు సాయం పోతుంది. లబోదిబోమంటూ సచివాలయానికి పరిగెత్తుతాడు. అక్కడ కూర్చున్న కుర్రాడు కూడా పండక్కి తన ఫోను ఇతని బీరువాలోనే పెట్టాడు. అతను తెర తిప్పి చూపిస్తాడు. ఏమంటాడో మీరే చెప్పండి. అదీ సంగతి, మీరందరూ ఒక్కసారిగా అన్నారు!

ఈ కథలో నవ్వు వస్తోంది కదా, భయం కథలో నవ్వు ఏమిటని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. గురజాడ నడిచిన నేలమీద ఆ ప్రశ్న అడగకూడదు. నవ్వు లేకపోతే పాఠకుడు ఈ కథను పరదేశం కథలాగా దూరంనుంచి చూస్తాడు. నవ్వినవాడు లోపలికి వచ్చేసినట్టే, ఎందుకంటే తానూ ఒక ఫోను ఎక్కడో దాచినవాడే.

నాకు చిక్కుగా ఉన్నది ముగింపు. టీకొట్టువాడు తిరగబడి సర్వరు పగలగొట్టడం నాకు ఇష్టం లేదు, సర్వరు పలాసలో ఉండదు. ఆర్వెల్ మాదిరిగా మనిషి పూర్తిగా లొంగిపోయి అదుపునే ప్రేమించడం కూడా ఇక్కడ కుదరదు. మనవాళ్లు లొంగినట్టు కనబడతారు, బీరువా ఇంకోచోటికి మారుస్తారు. నా మనసు పోతున్నది తల్లి వైపు. మరుసటి సంక్రాంతికి ఆ తల్లి కొడుకును ఎన్ని రాత్రులు ఉండమంటుంది? పింఛను వదులుకుని ముక్కనుమకు కూడా ఉంచుకుంటుందా, కొడుకే తల్లి పింఛను పోకూడదని పండక్కి రావడం మానేస్తాడా? మొదటిది రాస్తే గెలుపు అంటారు. నాకు మాత్రం రెండోదే జరుగుతుందనిపిస్తోంది. ఆ కొడుకు మానేసిన సంగతి ఎవరికీ ఎవరూ చెప్పకుండానే ఊరంతా మానేస్తుందనీ, నాలుగేళ్లకు ఆ రైల్లో జనం తగ్గారని రైల్వేవాళ్లు పండగ ప్రత్యేక రైలు తీసేస్తారనీ అనిపిస్తోంది. ఎవరూ నిషేధించకుండా ఒక పండగ పోవడం. ఇంతకంటే గట్టి ముగింపు మీకు తడితే సభ అయ్యాక నాకు చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

అక్కడ ఒక చెల్లెమ్మ చెయ్యెత్తింది. అడగమ్మా. యంత్రాల గురించి రాయాలంటే కంప్యూటరు చదువు ఉండాలా అని అడుగుతోంది. మంచి ప్రశ్న. జమ్యాతిన్‌కు ఇంజనీరింగు తెలుసు, ఫార్‌స్టర్‌కు తెలియదు, ఇద్దరూ రాశారు. ప్రోగ్రాము రాయడం తెలియనక్కరలేదమ్మా, దరఖాస్తు చదవడం తెలియాలి. ఏ పథకానిదైనా ఒక దరఖాస్తు తెచ్చుకుని ముందుపెట్టుకో. అందులో ఏ గళ్లు ఉన్నాయో చూడు, ఏ గడి ఖాళీగా వదిలితే తీసుకోదో చూడు. భర్త పేరు అనే గడి ఉండి, భర్త ఎక్కడున్నాడో తెలియదు అని రాయడానికి చోటు లేదనుకో, అక్కడ నీ కథ ఉంది. ఒక సోమవారం కలెక్టరేటుకు వెళ్లు. చెట్టుకింద కూర్చుని రెండేసి రూపాయలకో ఇరవయ్యేసి రూపాయలకో అర్జీలు రాసిపెట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల పక్కన కూర్చో. వచ్చినావిడ పావుగంట సేపు తన కష్టమంతా చెబుతుంది, ఆయన దాన్ని నాలుగు పంక్తులకు కుదిస్తాడు. ఆ నాలుగు పంక్తులలోకి ఎక్కకుండా ఏవి జారిపోయాయో అవి రాసుకురా, వచ్చే సభలో చదువుదువుగాని.